పుస్తకంలో రాయని పని

మెకానిక్ కోసం కబురు పంపితే ఒక అమ్మాయి వచ్చింది. భుజాన పనిముట్ల సంచి, చేతిలో మీటరు. మేస్త్రీగారు వెనకాల వస్తున్నారేమోనని నేను ఆమె భుజం మీదుగా తొంగి చూశాను.

మేస్త్రీగారు తన నాన్నేననీ, ఆయనకి కంటి ఆపరేషన్ అయిందనీ, నెల రోజులు షెడ్డు తనే చూస్తుందనీ చెప్పింది.

"మరి ఇంజన్ ఎవరు చూస్తారు?" అన్నాను, బుద్ధి లేకుండా.

"మీకు కావాల్సింది మా నాన్నా, మెకానిక్కా?"

పక్కకి తప్పుకుని పడవలోకి దారి ఇచ్చాను.

అది మా తాతయ్య ముప్పై ఏళ్లు నది దాటించిన పడవ. అందులోని పెట్రోల్ ఇంజన్ నాకన్నా వయసులో పెద్దది. ఏడాది కిందట తాతయ్య పడవని నా చేతికిచ్చాడు. రెండు నెలల నుంచి, బయల్దేరిన పావుగంటకల్లా నట్టేట్లో ఆగిపోతోంది. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ప్లగ్గులకి నిప్పు అందించే కాయిల్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. మూడు కాయిల్స్ మాడిపోయాయి, ఇప్పుడున్నది నాలుగోది. ఇంజన్ ముసలిదైపోయింది, ఇక లాభం లేదని తాతయ్యకి చెప్పేశాను. ఆయన పాత ఇనుము కొనేవాణ్ణి వారం తర్వాత రమ్మన్నాడు. ఆ పూట నుంచి రేవుకి రావడం మానేశాడు. ఆయన అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అందుకే ఈ ఆఖరి ప్రయత్నం.

ఆమె ఇంజన్ మూత ఎత్తి, పెట్రోల్ వాసన పోయేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు స్టార్ట్ చేయమంది. కాయిల్ దగ్గర మీటరు పెట్టి చూసింది.

"పధ్నాలుగు వోల్టులు వస్తోంది. ఇక్కడ తొమ్మిది దాటకూడదు. ఈ వైరింగ్ ఎవరు చేశారు?"

"నేనే," అన్నాను ఛాతీ విరుచుకుని. "పాతదంతా పీకేసి కొత్తగా వేశాను."

"చాలా అందంగా ఉంది."

నేను గాల్లో తేలిపోయాను. ఆమె తాపీగా పుస్తకం అడిగింది.

ఆ పుస్తకం తాతయ్య పెట్టిన పద్ధతి. ఇంజన్ మీద చెయ్యి వేసిన వాళ్లెవరైనా, చివరికి నట్టు బిగించినా సరే, చేసింది అందులో రాసి సంతకం పెట్టాలి. ఆ సంగతి ఆమెకి వాళ్ల నాన్న చెప్పి పంపాడట. వెనక నుంచి పేజీలు తిప్పుతూ వెళ్లి, పన్నెండేళ్ల నాటి పేజీ దగ్గర ఆగింది. అక్కర్లేని సంతోషంతో పైకి చదివింది.

"కాయిల్ వేడెక్కుతోంది. కరెంటు తగ్గించడానికి కాయిల్‌కి వెళ్లే వైరు మధ్యలో తెల్ల పింగాణీ ముక్క పెట్టాను. ముక్క బాగా కాలుతుంది, అది మామూలే. తీయకూడదు." ఇంకో పేజీ తిప్పకుండా నా వైపు చూసింది. "ఆ ముక్కేదీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. ముక్క ఎక్కడికీ పోలేదు. ఆ పుస్తకం పేజీలు గాలికి ఎగరకుండా దాని మీద బరువుగా పెట్టుకున్నాను. ఆమెకి పుస్తకం ఇచ్చేటప్పుడు తీసి నా చేత్తోనే పక్కన పెట్టాను.

ఆమె ముక్కని చూసింది, నన్ను చూసింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ముట్టుకుంటే కాలుతోంది కదా, లోపం దానిలోనే ఉందనుకుని తీసేసి తిన్నగా వైరు కలిపేశానని చెప్పుకున్నాను. పుస్తకంలో ఎందుకు రాయలేదని అడిగింది. ఇంత అందమైన పని చూస్తేనే తెలుస్తుంది కదా, రాయడమెందుకని అనుకున్నాను. ఆ మాట పైకి అనడానికి సిగ్గేసింది.

ముక్క పెట్టింది. తను తెచ్చిన కాయిల్ బిగించింది. ఇద్దరం అవతలి ఒడ్డుకి వెళ్లి తిరిగొచ్చాం. ఆమె కాయిల్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటాం. వచ్చేటప్పుడూ దాటాం.

"మీరూ చెయ్యి పెట్టి చూడండి," అంది.

పెట్టాను. గోరువెచ్చగా ఉంది. పక్కనే మణికట్టు దాకా నల్లటి ఆయిల్ పూసుకున్న ఆమె చెయ్యి. నాకేమీ కాని మనిషి గురించి అంత గర్వపడొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంజన్ చప్పుడు విని తాతయ్య రేవులోకి వచ్చేశాడు. ఏమిటి లోపమని ఆమెని అడిగాడు. చెప్పేస్తుందనుకున్నాను. ఆమె పుస్తకం, పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేను చేసింది నేను రాస్తాను తాతగారూ. ఆయన చేసింది ఆయన రాస్తారు."

రాశాను. తెల్ల ముక్క తీసింది నేను. మూడు కాయిల్స్ మాడడానికి కారణం నేను. ఇంజన్ ఇక లాభం లేదన్నది తప్పు. సంతకం పెట్టి పుస్తకం తాతయ్యకి ఇచ్చాను.

తాతయ్య కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

"ముప్పై ఏళ్లుగా ఇందులో ఎంతోమంది రాశారు. చేసిన తప్పు రాసినవాడివి నువ్వొక్కడివేరా," అన్నాడు. పాత ఇనుము కొనేవాడికి రావద్దని కబురు పంపి, పడవ తాళం మళ్లీ నా చేతికే ఇచ్చాడు.

ఇంజన్ పది గంటలు నడిచాక చూస్తానని ఆమె మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా వచ్చింది. మూడు వారాల్లో 'కాయిల్ బాగుంది' అని తొమ్మిది సార్లు రాసింది. పదోసారి వచ్చేసరికి నేను ముందే రాసి ఉంచాను.

'ఇంజన్‌లో లోపం లేదు. అయినా మెకానిక్ రోజూ రావాలి. ఆమె రాని రోజు నాకేమీ తోచడం లేదు.'

ఆమె నవ్వు రాకుండా పెదవి బిగబట్టి, కింద రాసింది.

'నాకూ తోచడం లేదు. నాన్న కంటి కట్టు విప్పారు. ఆదివారం తాతగారితో ఇంటికి రండి.'

సాయంత్రం పుస్తకం చూడడం తాతయ్యకి అలవాటు. పొద్దున వెళ్లేసరికి మా రెండు సంతకాల కింద మూడోది ఉంది.

'చూశాను. పని బాగుంది.'