గడగడ సత్రం

గడగడ అంటే ఏమిటని పంతులుగారిని అడగండి — వణికినప్పుడు వచ్చే చప్పుడు, దాన్నే మాట చేసుకున్నాం అంటారు. మా ఊళ్లో అడిగితే మాత్రం ఉదయగిరి రోడ్డు పక్కన పాడుబడ్డ సత్రంకేసి చెయ్యి చూపిస్తారు. దెయ్యం ఉందని, పొద్దుగూకితే కుక్క కూడా అటు పోదు. దానికా పేరెలా వచ్చిందో మా అవ్వ నాగేశ్వరమ్మ చెప్పగా విన్నాను. ఆమె మాట నేను నమ్ముతాను, మీ ఇష్టం మీది.

యాభై ఒకటో సంవత్సరం. మా ఊరి శీనయ్యకు దినం విడిచి దినం చలిజ్వరం. తెల్లారితే పెళ్లి — ఆ రాత్రే జ్వరం వంతు! వణుకుతూ పీటల మీద కూర్చుంటే పిల్లనిచ్చేవాళ్లు లేచిపోతారు. అప్పట్లో మావాళ్లకో నమ్మకం... జ్వరం వచ్చే వేళకు మనిషి ఇంట్లో కనబడకపోతే అది వెతికి వెతికి పోతుందని. శీనయ్య ఒక ఆకు ఎక్కువే చదివాడు. జ్వరానికి కూడా భయం వేసే చోట దాక్కుంటే పోలా? సత్రంలో దూరి, ఊగిసలాడే తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

అదే వేళకు పిల్ల తండ్రి కొండలయ్య అనంతసాగరం నుంచి బండ్లతో వస్తూ, గాలికి చుట్ట అంటుకోక, సత్రం మెట్లెక్కాడు. అగ్గిపుల్ల గీశాడు...

గడగడ... గడగడ...

తలుపు దానంతటదే కదులుతోంది!

"ఎ... ఎవురది?"

లోపల్నుంచి గుసగుస — "శీనయ్య ఈడ లేడు... పో..."

కొండలయ్య నోట్లో చుట్ట రాలింది. అల్లుడి పేరు! లేడంటే... పోయినాడా? కాళ్లు నిలవక తలుపు రెండో రెక్క పట్టుకున్నాడు. అదీ గడగడా కొట్టుకుంది.

జ్వరం రానే వచ్చింది, తలుపు తోస్తోంది అనుకున్నాడు లోపలి శీనయ్య. ఏడుపొక్కటే తక్కువ.

"నీ కాళ్లు మొక్కుతా... రేపు నా పెండ్లి... ఎల్లుండి రా!"

చచ్చినా పెళ్లి మాననంటున్నాడే! కొండలయ్య బండి దగ్గరికి ఎలా వచ్చి పడ్డాడో ఆయనకే తెలీదు. పాపం, ఎవరితో చెప్పుకుంటాడు? చెబితే కూతురి పెళ్లి చెడుతుంది, చెప్పకపోతే కూతుర్ని దెయ్యానికిచ్చినట్టు. ఒక్కటే దారి. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగుంటాయి కదా — పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగేది తనే!

పందిట్లో, పళ్లెంలో ఉన్న పాదాలు పట్టుకున్నాడు. వేళ్లు లెక్కపెట్టాడు. మడమలు తడిమాడు. వంగి వెనకవైపు కూడా చూశాడు. చేతిలో చెంబు గడగడలాడి సగం నీళ్లు పెళ్లికూతురి ఒళ్లో పడ్డాయి. పాదాలు ముందుకే ఉన్నాయి గానీ, ఆయన వణుకే ఆగలేదు.

అది చూసి శీనయ్య మొహం చాటంతయింది. వంగి మామ చెవిలో అన్నాడు —

"మామా... రాత్రి నాకోసం వచ్చింది... మీ దగ్గరికి పోయిందా?"

కొండలయ్య పళ్లెంలోనే కూలబడ్డాడు.

పక్కనే తడిచీరతో కూర్చున్న పెళ్లికూతురు అంతా విన్నది. ఆమే మా అవ్వ.

"మరి జ్వరం రాలేదా అవ్వా?" అని అడిగాను.

"పిలిచినాక రాదా? ఎల్లుండి, దీపాలు పెట్టే యాళకు వచ్చింది."

"తాతకేనా?"

"ఇద్దురికీ రా... చెరో మంచం వేసినాను."