తిట్టండి అత్తయ్యా!

ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ తలుపు గట్టిగా వేయడం లేదు. చేతిలోంచి గిన్నె జారితే "ఎవరది?" అని అరిచేవాళ్ళు లేరు. టీవీ కూడా నోరు మూసుకునే బొమ్మలు చూపిస్తోంది. ఇదంతా టైలరమ్మ కోసం. స్కూలు పిల్లల యూనిఫారాల దగ్గర నుంచి పెద్దవాళ్ళ కోట్ల దాకా వీధి వీధంతా ఆవిడ కుట్టినవే వేసుకుంటుంది కాబట్టి అందరూ ఆవిడను అలాగే పిలుస్తారు. ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఎడమ వైపుది తీసేశారు. మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది, మళ్ళీ మొలిచింది. "ఇక మీ పని మీరు చేసుకోవచ్చమ్మా, బరువులు మాత్రం ఎత్తకండి" అని డాక్టరమ్మ చెప్పి కూడా చాలా రోజులైంది. ఇంట్లోవాళ్ళ చెవికి మాత్రం ఆ మాట ఎక్కలేదు.

ఆ రోజు పొద్దున్నే టైలరమ్మకు ఒళ్ళు మండింది. టీ కాచి, పంచదార డబ్బా పక్కకు జరిపి, ఒక్కో గ్లాసులో చెంచాడు ఉప్పు వేసి శుభ్రంగా కలిపింది. అందరికీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎలా ఉందండీ?" అని మొగుణ్ణి అడిగింది. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరు పీకల మీద కూర్చునే మనిషి. ఒక గుక్క తాగాడు, కళ్ళు పెద్దవయ్యాయి, మింగాడు.

"బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"నీకెలా ఉందే చిట్టీ?"

"సూపర్ అమ్మా" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు, గ్లాసు వైపు చూడకుండా.

ఇక మిగిలింది అత్తగారు. మంచినీళ్ళకు కూడా వంకలు పెట్టే మనిషి. పాతికేళ్ళు "ఏమే" అని తప్ప కోడల్ని పిలిచి ఎరగదు. ఈ ఏడాది నుంచి ఆ "ఏమే" కాస్తా "తల్లీ" అయింది. ఆవిడ టీ మొత్తం తాగేసి, గ్లాసు కింద పెట్టి, "ప్రాణం లేచొచ్చింది తల్లీ" అంది. ఆ వెంటనే పై అరలో బిస్కెట్ల డబ్బా తీసివ్వమని మనవరాల్ని బతిమాలింది. చెయ్యి చాస్తే అందే డబ్బా అది.

టైలరమ్మ లేచి నిలబడింది. "ఒక్కరికైనా నాలుకుందా మీకు? ఆపరేషన్‌లో నాది ఒకటి తీశారు సరే, మీ ముగ్గురి నాలుకలూ ఎప్పుడు కోశారు? అది ఉప్పు టీ! గేదె కూడా తాగదు!"

మొగుడు మెల్లగా, "నీకు బీపీ పెరుగుతుంది, కూర్చో" అన్నాడు.

"కూర్చోను. ఇవాళ షాపు తెరుస్తున్నాను."

ఆయన ముఖంలో రంగు మారింది. "ఇప్పుడెందుకు? ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది గుచ్చుకుంటే వాచిపోతుంది, ప్రమాదమన్నారు కదా."

"వేలికి తొడుగు వేసుకుని కుట్టమన్నారు. కుట్టొద్దనలేదు. సగం వినడం మీకు బాగా అలవాటు" అంటూ గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసింది. ఏడాది తర్వాత ఆ ఇంట్లో తలుపు చప్పుడు వినబడడం అదే మొదలు.

తీసేసిన చోట పెట్టుకోవడానికి బయట షాపులో కొన్న రబ్బరుది ఆవిడకు సరిపడలేదు. వేసుకుంటే చెమట, బరువు, పైగా ముందుకు వంగితే అది వేరే దారి పట్టేది. అందుకే పోయిన వారం తనే ఒకటి కుట్టుకుంది. మెత్తటి లేతరంగు నూలుగుడ్డ, లోపల దూది, బరువు కోసం అడుగున గుప్పెడు ఆవాలు. వీధి అందరికీ కొలతలు తీసిన మనిషి, అద్దం ముందు నిలబడి తన కొలత తను తీసుకుంటుంటే మొదట ఏడుపొచ్చింది. కుట్టడం మొదలుపెట్టాక ఏడుపు మర్చిపోయింది. చుట్టూ కుచ్చు ఎంత లాగాలి, ఎక్కడ ముడేయాలి అనే ధ్యాసలో పడిపోయింది. ఆ పూట ఆవిడ చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నది.

ఇవాళ అది కనిపించలేదు. ఇంట్లో ఉన్న కుట్టు మిషను మీద లేదు, దిండు కింద లేదు, మంచం కిందా లేదు. బయటికొచ్చి, "నాది కనిపించట్లేదు, ఎవరైనా చూశారా?" అంది.

"ఏదమ్మా?" అంది చిట్టి.

"అదే."

"అదే అంటే?"

ఎవరూ ఆ మాట అనరు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మాటే లేదు. "ఆ సమస్య", "అక్కడ", "ఆ వైపు" అంటూ అందరూ దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. టైలరమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"నా రొమ్ము! నా రొమ్ము కనిపించట్లేదు!" అని కిటికీలు అదిరేలా అరిచింది.

"అమ్మా, మెల్లగా! పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ. దొరికితే తెచ్చిస్తారు."

అత్తగారు సోఫా దిండ్లు ఎత్తి వెతకడం మొదలుపెట్టింది. మొగుడు మాత్రం కదల్లేదు. "అది... చూడ్డానికి ఎలా ఉంటుంది?" అన్నాడు.

"గుండ్రంగా, లేతరంగు గుడ్డ, మధ్యలో చిన్న ముడి. ఎలా ఉండాలో అలాగే ఉంటుంది! మీకు తెలియనిదా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ ఆ ముఖాన్ని పాతికేళ్ళుగా చదువుతోంది. "ఏం చేశారు?" అంది.

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. కింది అరలో ఒక అట్టపెట్టె. అందులో ఆవిడ పెద్ద కత్తెర, చిన్న కత్తెర, బ్లేడ్లు, షాపు తాళంచెవి, వీటన్నిటి మధ్యలో గుండ్రంగా, లేతరంగు గుడ్డతో కుట్టినది. దాని నిండా సూదులు. రంగురంగుల తలల గుండుసూదులు, మిషను సూదులు, దుప్పట్లు కుట్టే దబ్బనం కూడా. ఇంట్లో ఉన్న సూదులన్నీ ఏరి, ఒక్కటి కూడా పొరపాటున ఆవిడ చేతికి తగలకూడదని జాగ్రత్తగా ఒక్కొక్కటే దానికి గుచ్చి పెట్టాడు మహానుభావుడు.

"నేను... సూదులు గుచ్చుకునే దిండనుకున్నాను" అన్నాడు.

టైలరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ముడి ఉన్న చోట, నడిమధ్యన, నిటారుగా దబ్బనం నిలబడి ఉంది. ఆవిడ ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత బీరువా తలుపు పట్టుకుని, కడుపు పట్టుకుని, కింద కూలబడి నవ్వింది. మిగతా ముగ్గురూ భయంభయంగా చూస్తున్నారు.

"నవ్వండి! ఇంత జోకు మళ్ళీ ఈ జన్మలో దొరకదు. నా పెనిమిటి నా రొమ్ముకు దబ్బనం దించాడు!"

మొదట పగలబడింది అత్తగారు. ఆవిడ నవ్వు కాకి గొంతు. చాలా కాలంగా వాడకపోవడం వల్లనేమో, దగ్గుతో మొదలై పొలమారి, నవ్వుగా తేలింది. చిట్టి గోడకు ఆనుకుని జారిపోయింది. ఆయన కూడా ఒక నవ్వు నవ్వబోయాడు.

అప్పుడు టైలరమ్మ చెయ్యి షాపు తాళంచెవి మీద పడింది. దానికి ఎప్పుడూ ఉండే ఎర్ర దారం కుచ్చు లేదు. కొత్త రింగు ఉంది, దానికి ఏదో ఫోను కంపెనీ బొమ్మ.

"ఇదేమిటి?"

నవ్వులు ఆగిపోయాయి.

"సెల్‌ఫోన్లు బాగుచేసే అతను అడిగాడు" అన్నాడు ఆయన, నేల చూస్తూ. "ఖాళీగానే ఉంది కదా అని... వచ్చే నెల నుంచి ఇస్తానన్నాను. తాళం చూసుకోమని ఒకసారి ఇచ్చాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని."

"వద్దంటానని తెలిసే ఇచ్చారన్నమాట!" ఆవిడ తాళంచెవిని పిడికిట్లో బిగించింది. "షాపులో నా మిషను ఏం చేద్దామనుకున్నారు? పాత ఇనుముకు వేద్దామనా? నా ఒంట్లోంచి తీయాల్సింది డాక్టర్లు తీసేశారు. మీరింకా ఎందుకు తీస్తున్నారు? కత్తెర తీశారు, సూదులు తీశారు, మాట తీశారు, ఇప్పుడు షాపు తీస్తున్నారు. చివరికి మిగిలేది మంచమూ, నేనూనా?"

"నీకేమైనా అయితే?" ఆయన ఒక్కసారిగా అరిచాడు. "ఆపరేషన్ రోజు ఆ తలుపు ముందు నిలబడ్డది నేను. లోపల నువ్వున్నావు, నీకేం తెలుసు? ఎంతసేపో తెలియదు, ఏమవుతుందో తెలియదు. జీవితమంతా టైము రాసినవాణ్ణి, ఆ పూట గడియారం వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు. ఆ భయం ఇంకా పోలేదే నాకు. నీకు పోయిందేమో, నాకు పోలేదు!"

ఈ మాట ఏడాదిలో ఆయన ఒక్కసారి కూడా అనలేదు. టైలరమ్మ దగ్గరికెళ్ళి, ఆయన చొక్కా కాలరు సర్దింది. ఒక బొత్తాం వేలాడుతోంది. ఎవరూ కుట్టలేదు, సూదులన్నీ బీరువాలో ఉంటే ఎవరు కుడతారు?

"నాకు మాత్రం పోయిందనుకున్నారా?" అంది మెల్లగా. "ప్రతి పరీక్షకూ పోతూనే ఉంటాను, భయపడుతూనే ఉంటాను. ఆ భయమేదో మిషను తొక్కుతూ పడతాను. నన్ను బతికించుకున్నారు కదా, ఇక బతకనివ్వండి."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు వెనక నుంచి, "ఒరేయ్, ఏడ్చింది చాలు, ముందు ఆ ఫోనులవాడి దగ్గరికెళ్ళి లేదని చెప్పిరా" అంది. పాత గొంతు, పాత కరుకు. ముగ్గురూ ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశారు.

ఇదే అదననుకుందేమో, చిట్టి గొంతు సవరించుకుంది. "అమ్మా, ఎలాగూ అందరూ చెప్పేస్తున్నారు కాబట్టి... లెక్కల పరీక్ష పోయింది. పోయిన సెమిస్టరులోనే."

"ఏంటీ! పోయిన సెమిస్టరులో పోతే ఇప్పుడా చెప్పేది?" టైలరమ్మ మిషను మీదున్న కొలత టేపు అందుకుని ఝళిపించింది. "సిగ్గుందా నీకు? ఫోను ఇలా ఇవ్వు!"

చిట్టి ఫోను ఇస్తూ ఏడ్చింది, నవ్వుతూ ఏడ్చింది. తల్లి తిట్టి ఎన్నాళ్ళైందో ఆ పిల్లకు.

షాపు షట్టరు తుప్పు పట్టి బిగుసుకుంది. టైలరమ్మ తాళం తీసి, "ఎత్తండి. నేను ఎత్తకూడదు" అంది. ఆయన ఎత్తాడు. ఆ రోజు ఆవిడ జాకెట్టు ఒక వైపు చదునుగానే ఉంది, కావాలనే అలా వదిలేసింది. సూదులతో ఉన్నదాన్ని తీసుకొచ్చి, మిషను పక్కన బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టింది.

పావుగంట కాకముందే ఆ వీధిలోనే ఉండే టీచరమ్మ వచ్చింది, యూనిఫారాల గుడ్డ చంకలో పెట్టుకుని. పరామర్శకు వచ్చినవాళ్ళ ముఖం పెట్టి, గొంతు తగ్గించి, "ఎలా ఉన్నావమ్మా?" అంది. చూపు మాత్రం ముఖం మీద నిలవక కిందికి జారింది, జారి అక్కడే ఆగింది.

"అక్కడ లేదండీ, ఇక్కడుంది" అని టైలరమ్మ బల్ల మీదికి చూపించింది. "ఆ వైపుదాన్ని కొత్త ఉద్యోగంలో పెట్టాను."

టీచరమ్మ ఒక క్షణం బిత్తరపోయింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది ఆగక, చేతిలో గుడ్డ జారవిడిచి నవ్వింది. నవ్వాక ఆవిడ ముఖం మామూలుగా అయింది. "సరే గానీ, మా పిల్లలవి బడి తెరిచేలోపు ఇస్తావా లేదా? పోయినేడాది ఆ మూలషాపువాడి చేత కుట్టిస్తే, ప్యాంట్లన్నీ ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు" అంది.

"ముందు గుడ్డ కింద పడేయకుండా పట్టుకోండి, అప్పుడు చూద్దాం" అంది టైలరమ్మ.

మధ్యాహ్నం అత్తగారు ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చింది. పంచదార వేసిన టీ. మిషను చప్పుడు వింటూ గుమ్మంలో కాసేపు నిలబడింది. ఆవిడ ఒంటి మీద కోడలు కుట్టిన ముదురు నీలం గౌను ఉంది. రోజు విడిచి రోజు అదే వేసుకుంటుంది.

"ఏమే" అంది.

మిషను ఆగింది. టైలరమ్మ తలెత్తి చూసింది.

"ఈ గౌను చంక దగ్గర ఇంత బిగుతుగా కుట్టి చచ్చావేమే? చెయ్యి పైకి లేవదు. అరలో డబ్బా తీయాలంటే మనవరాలి కాళ్ళు పట్టుకోవాల్సొస్తోంది. ఇదేనా నీ కుట్టు? దీనికా వీధంతా నిన్ను మెచ్చుకునేది?"

"కుట్టి ఏడాది దాటింది కదా అత్తయ్యా! అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబుదామనే గుమ్మంలో కూర్చున్నానే ఆ సాయంత్రం. నాలుగు దులుపుదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చి, డాక్టరు ఏం చెప్పిందో చెప్పావు." ఆవిడ గౌను చంక దగ్గర సర్దుకుంది. "ఇక ఆ నోటితో ఏమనను?"

ఏడాది పాటు గోడ మీద వేళ్ళు పాకించుకుంటూ, ఆపరేషన్‌తో బిగుసుకుపోయిన ఎడమ చెయ్యి పైకి లేపడం నేర్చుకుంది టైలరమ్మ. అదే ఏడాది, అదే ఇంట్లో, ఇంకో మనిషి ఒక్క మాట అనకుండా చెయ్యి దించుకుని తిరిగింది. వంకలు పెట్టడానికే పుట్టిన మనిషి ఆ వంకను కడుపులో దాచుకుంది. కన్నీళ్ళు మిషను మీదున్న గుడ్డ మీద పడ్డాయి, వాటిని తుడవాలని కూడా ఆవిడకు తోచలేదు.

"తిట్టండి అత్తయ్యా" అంది. "సిద్ధం చేసుకున్నవన్నీ తిట్టండి. ఒక్కటి కూడా మిగల్చొద్దు."

"తిడతాను, నాకేం భయమా? ముందు దీని సంగతి చూడు."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, వేలికి తొడుగు వేసుకుని, బల్ల మీద దిండులోంచి ఒక గుండుసూది లాగింది. "చెయ్యి ఎత్తండి" అంది. అత్తగారు ఎత్తగలిగినంత ఎత్తింది. కోడలు కూడా తన ఎడమ చెయ్యి పక్కనే ఎత్తి చూసుకుంది. ఇద్దరి చేతులూ దాదాపు ఒకే ఎత్తులో ఆగాయి.

"నాకంటే నీదే పైకి పోయింది" అంది అత్తగారు కుళ్ళుకుంటూ.

"కదలకండి, గుచ్చుకుంటుంది" అని కసిరి, టైలరమ్మ చంక దగ్గర కుట్టు విప్పడం మొదలుపెట్టింది.