గంధం ఆరని ఫోన్

"పదకొండు పేర్లు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "సరిహద్దు అవతల మన కోసం పనిచేస్తున్న పదకొండు మంది. పేర్లు, అడ్రసులు, ఫొటోలతో సహా ఆ ఫోన్ మెమరీలో ఉన్నాయి."

కర్నూలు పాతబజారులో ఒక గోడ నీడన బైక్ ఆపుకుని వింటున్నాడు ఏజెంట్ రాఘవేంద్రప్రసాద్. 2009, మే నెల. ఉదయం పదకొండుకే ఎండ నలభై మూడు దాటింది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ముచ్చటపడి ఇచ్చిన పెన్ కెమెరా పదింటికే వేడెక్కి ప్రాణం వదిలింది. ప్రస్తుతం అది పెన్నుగా కూడా రాయడం లేదు.

"టెస్టింగ్‌కు పంపిన ఫోన్లో అసలు పేర్లు ఎందుకు పెట్టారు సార్?"

"లాక్ ఎంత గట్టిదో చూడాలంటే అసలు డేటాయే పెట్టాలని ల్యాబ్‌లో ఒక మేధావికి తోచింది. అతన్ని నేను తర్వాత చూసుకుంటాను."

ఆ పదకొండు మందిలో ఒకడు ఏసన్న. నందికొట్కూరు కుర్రాడు. ప్రసాదే ఏరి, తర్ఫీదు ఇచ్చి, సరిహద్దు దాటించాడు. ఇప్పుడు అక్కడొక ఊళ్ళో దర్జీగా బతుకుతున్నాడు. వాళ్ళమ్మ వరమ్మకు మాత్రం కొడుకు ముంబైలో బట్టలు కుడుతున్నాడని తెలుసు. "మా వాన్ని జాగ్రత్తగా చూసుకోప్పా" అని ఆమె చెప్పిన మాట ప్రసాద్‌కు గుర్తొచ్చింది.

ఆ ఫోన్ సైనికుల కోసం మన ప్రభుత్వ ల్యాబ్ రహస్యంగా తయారుచేసింది. మండే ఎండలో పరీక్షించడానికి నందికొట్కూరు పొలాలకు తెచ్చారు. నిన్న సాయంత్రం కర్నూలు లాడ్జిలో ఇంజనీర్ సూట్‌కేసు నుంచి అది మాయమైంది. దొంగలు బ్యాటరీ తీసేశారు. మళ్ళీ పెట్టి ఆన్ చేస్తే నిమిషంలో ల్యాబ్‌కు సిగ్నల్ అందుతుంది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. దేశం దాటించాక, వాళ్ళ నిపుణులకు లాక్ పగలగొట్టడం మూడు రోజుల పని.

"మూడు రోజులు," అన్నాడు ప్రసాద్.

"అంతవరకూ రానివ్వం. కనకాంబరం నుంచి కబురొచ్చింది. ఫోన్‌ను మంగంపేట గనుల దగ్గర, తెల్లటి బరువైన ముగ్గురాయి పొడి బస్తాలో దాచారట. రాత్రికి లారీ పోర్టుకు బయల్దేరుతుంది. ఫోన్ కొట్టేసిన ముఠా పోయిన వారం ఒక బస్తా ముగ్గురాయి కొన్న మాట నిజమే, విచారించాం. టీమ్ మొత్తంతో తెల్లారకముందే బయల్దేరి మంగంపేట చేరుకున్నాను. నువ్వూ ఒంటిగంటకల్లా బయల్దేరు."

కనకాంబరం అంటే ముఠాలో మనకున్న మనిషి. రెండేళ్ళుగా ఫోన్లోనే సమాచారం ఇస్తోంది. గొంతు వినడమే తప్ప ఆమె ముఖం చీఫ్ కూడా చూడలేదు. గొంతు మాత్రం బాగుంటుందని ఆయన అంటుంటాడు.

ఈ ఊళ్ళో ప్రసాద్ వేషం రీచార్జ్ కూపన్ల సేల్స్‌మన్. వెళ్ళేముందు చివరిసారిగా పెద్దసుబ్బయ్య శెట్టి మొబైల్ షాపులోకి అడుగుపెట్టాడు. బజారు కబుర్లన్నీ ముందు అక్కడికే వస్తాయి. ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. గోడకు కొత్త పోస్టర్: "రాబోయే ఫోన్ ఎవరిది? స్టోరేజ్ ఎంత? ఊహించండి, ప్రెషర్ కుక్కర్ గెలవండి." కింద అద్దాల షోకేసులో, నంబర్లు వేసిన స్టాండ్లలో ఇరవై నాలుగు డమ్మీ పీసులు. లోపల ఏమీ లేని ప్లాస్టిక్ డొల్లలు, తెరల మీద స్టిక్కర్లు.

ప్రసాద్ కంగుతినలేదు. ఆ ఫోన్ ఫొటో ఒకటి మూడు నెలల కిందట బయటికి పొక్కింది. అప్పటి నుంచి ఇంటర్నెట్‌లో పనీపాటా లేని వాళ్ళందరికీ అదే పని. తయారుచేసింది ఎవరో కనిపెట్టకుండా సగం పుకార్లు డిపార్ట్‌మెంటే పుట్టించింది. నమూనా చూసి డమ్మీలు చేసి అమ్ముకునే వాళ్ళూ బయల్దేరారు.

"కొరియావోళ్ళదే. అంత నాజూగ్గా ఇంకెవురు చేస్తారు?" అంటున్నాడు పాల వ్యాపారం చేసే ఓబన్న.

"చైనాది. ముప్పైరెండు జీబీ అంట."

"ముప్పైరెండా? అన్ని పాటలు వినేదానికి మనిషికి ఆయుస్సు యాడుండాది?"

"కెమెరా ఐదు మెగాపిక్సెల్ అంట. యాభైఐదు డిగ్రీల ఎండలో పెట్టినా ఆగిపోదంట."

"పుకార్లకేమి, మోసేదానికి కూలి అడగవు గదా," అన్నాడు శెట్టి, చీటీలు డబ్బాలో వేస్తూ. "ఏమప్పా ప్రసాదూ, నువ్వూ ఒక చీటీ రాయి. పొద్దున్నే డమ్మీల కంపెనీ పిల్ల వచ్చి ఈ పీసులన్నీ పెట్టిపోయింది. మధులత అంట. వేంపల్లె పిల్లంట. చూడను శానా బాగుండాది. మధ్యాన్నం వాళ్ళ హెడ్డాఫీసు సారు వస్తాడంట."

పన్నెండున్నరకు జనం భోజనాలకు జారుకున్నారు. ప్రసాద్ బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగబోతుండగా వెనక నుంచి రాజ్యలక్ష్మమ్మ సణుగుడు వినిపించింది. శెట్టిగారి భార్య. గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని షోకేసు దగ్గర నిలబడి ఉంది. షాపులోకి ఏ కొత్త సరుకొచ్చినా ఆమె చేతి గంధం, కుంకుమ పడందే అమ్మకానికి పెట్టరు.

"పొద్దున ఇరవైనాలుగింటికీ పెట్టినా. ఆ పిల్ల ఎదురుగానే పెట్టినా. ఇప్పుడు చూస్తే ఒకదానికి శుబ్బరంగా తుడ్సేసినారు. బొట్టు చెరిపేది ఏం బుద్ధి? మళ్ళా పెట్టినాలే." ఆమె విసురుగా మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ప్రసాద్ కాలు మెట్టు మీదే ఆగిపోయింది. ఈ బజారులో బొట్టు చెరిపే మనిషి లేడు. సరే, తెలియక తుడిచారే అనుకుందాం. ఉత్త డొల్లను ఎవరు తుడుస్తారు? తడి గంధం స్పీకర్ రంధ్రంలోకి దిగుతుందని భయపడ్డవాళ్ళు తుడుస్తారు. అంటే లోపల స్పీకర్ ఉందని తెలిసినవాళ్ళు.

రాత్రి నుంచి ప్రతి లాడ్జీ, ప్రతి బస్సూ సోదా చేశారు. ఈ షోకేసును మాత్రం ఎవరూ చూడలేదు.

కౌంటర్ వెనక్కి వెళ్ళాడు. కూపన్లు సర్దే మనిషి కాబట్టి శెట్టి పట్టించుకోలేదు. మూడు పీసులు ఎత్తి చూశాడు. అన్నీ ఒకే బరువు. డమ్మీ అంత బరువుండదు. అప్పుడర్థమైంది, ఆ బస్తా ముగ్గురాయి ఏమైందో. అసలుదానికీ డొల్లలకూ తూకంలో తేడా రాకుండా అన్నిట్లో ఆ బరువైన పొడి కూరారు. అసలుదాని మీద కూడా అదే స్టిక్కర్ అంటించారు. స్టిక్కర్లు ఒక్కొక్కటీ పీకి చూసే వ్యవధి లేదు, బయట కారు ఆగింది.

రాజ్యలక్ష్మమ్మను పిలవడానికీ సమయం లేదు. ఇరవై నాలుగింటికీ బొట్టు ఉంది. కానీ పొద్దున పెట్టిన గంధం కర్నూలు ఎండకు ఈపాటికి బీటలు వారి ఉండాలి. ఇప్పుడు పెట్టింది ఇంకా తడిగా ఉండాలి. బొటనవేలు ఒక్కొక్క పీసు మీద ఆన్చుకుంటూ పోయాడు. ఒకటి, పొడి. రెండు, పొడి. కారు తలుపు చప్పుడు. పది, పదకొండు. మెట్ల మీద హైహీల్స్. పదహారు, పొడి.

పదిహేడు. వేలు ఎర్రగా తడిసింది.

పదిహేడునూ ఐదునూ తారుమారు చేశాడు. షోకేసు తలుపు జరిపి తలెత్తేసరికి మధులత ఎదురుగా ఉంది. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు. ఆమె చూపు అతని బొటనవేలి మీద పడబోయింది. ప్రసాద్ తాపీగా ఆ వేలిని నుదుట అద్దుకుని కళ్ళు మూసుకున్నాడు.

"భక్తి ఎక్కువే," అంది ఆమె నవ్వుతూ.

"అమ్మవారి కుంకుమ మేడమ్," అన్నాడు ప్రసాద్.

ఆమె వెనకే బట్టతల మనిషి వచ్చాడు, నల్ల సూటు. ఈ ఎండలో సూటు వేసుకున్నాడంటేనే ఈ దేశపువాడు కాడు. మధులత నేరుగా పదిహేడో స్టాండు దగ్గరికి వెళ్ళింది. బొట్టు చూసి ముఖం చిట్లించింది.

ఫోన్ ఇక్కడుంటే, టీమ్ మొత్తాన్ని మంగంపేటకు మళ్ళించింది కనకాంబరం మాటే. ప్రసాద్ బల్ల కింద నుంచి చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు: కనకాంబరానికి ఇప్పుడే ఫోన్ చేయండి. ఒక అనుమానం ఉంది, తీరిపోవాలి.

అర నిమిషంలో మధులత హ్యాండ్‌బ్యాగ్ మోగింది. ఆమె పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, తేనె పూసినట్టు మాట్లాడింది. "మంగంపేటలోనే ఉన్నాను సార్. లారీ లోడవుతోంది. అయిదింటి దాకా అక్కడే ఉండండి."

ప్రసాద్‌కు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు నమ్మిన గొంతు అది.

ఆమె ఫోన్ మూసి, పీసు ఎత్తి, చేతిరుమాలు కొసతో స్పీకర్ రంధ్రంలో పడ్డ కుంకుమను గట్టిగా గీరింది. బట్టతలవాడికి అందించింది. వాడు అరచేతిలో తూచాడు, తృప్తిగా తల పంకించాడు. జేబులోంచి బ్యాటరీ తీశాడు.

"నాట్ హియర్," అంది మధులత. "ఆన్ చేస్తే వాళ్ళకు తెలిసిపోతుంది."

వాడు బ్యాటరీ జేబులో వేసుకుని గుమ్మం వైపు నడిచాడు. వాడు కారెక్కితే చాలు, ఊరి బయట చెక్‌పోస్టులో పట్టుకోవచ్చు. ఇంకో నాలుగడుగులు.

మూడో అడుగులో వాడు కిందికి చూశాడు. నల్లప్యాంటు మీద తెల్లగా పొడి రాలుతోంది. మధులత గీరిన రంధ్రంలోంచి ముగ్గురాయి ధారగా కారుతోంది. వాడు గుమ్మంలో గిర్రున తిరిగాడు. చేయి సూటులోకి వెళ్ళింది, పిస్తోలుతో బయటికొచ్చింది.

ప్రసాద్‌కూ వాడికీ మధ్య కౌంటర్ అడ్డం. దూకినా అందడు. ఐదో స్టాండులో ఏసన్న ప్రాణం ఉంది. అంతా అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు ధడేలుమని షట్టర్ పడింది.

పెద్దసుబ్బయ్య శెట్టికి గూఢచారుల సంగతి తెలియదు. ఈ బజారులో ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసిన మనిషికి తెలిసింది ఒకటే. గుమ్మంలో ఆయుధం కనిపిస్తే ఎవరిది, ఎందుకు అని అడగకూడదు, ముందు షట్టర్ లాగాలి. కొక్కెం కడ్డీ ఎప్పుడూ ఆయన చేతికందేలా ఉంటుంది. కూర్చున్నచోటు నుంచే లాగాడు. షట్టర్ వచ్చి బట్టతలవాడి భుజం మీద పడింది. పిస్తోలు జారి కౌంటర్ కింద నుంచి ప్రసాద్ కాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా ఇది, భోజనాల వేళ," అన్నాడు శెట్టి, కడ్డీ వదలకుండా.

ప్రసాద్ పిస్తోలు తీసుకుని మధులత వైపు తిరిగాడు. ఆమె చేతులెత్తింది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మళ్ళీ మోగింది. ప్రసాద్ తీశాడు.

"కనకాంబరం," చీఫ్ దగ్గుతున్నాడు. "నలభై బస్తాలు విప్పించాం. ఏ లారీనో సరిగ్గా చెప్పు."

"ఏ లారీ లేదు సార్. నేను ప్రసాద్‌ని. ఫోన్ నా దగ్గరుంది. కనకాంబరం కూడా ఇక్కడే ఉంది."

"బస్తాలు కట్టేయండి," అని అవతల చీఫ్ ఎవరికో చెప్పడం వినిపించింది.

పోలీసులు ఇద్దర్నీ తీసుకెళ్ళాక ప్రసాద్ మెట్టు మీద కూర్చున్నాడు. రాజ్యలక్ష్మమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది. రేపొకసారి నందికొట్కూరు వెళ్ళి, ఏ కారణమూ చెప్పకుండా, వరమ్మను చూసి రావాలనుకున్నాడు.

సాయంత్రం చీఫ్ వచ్చాడు, తల నుంచి బూట్ల దాకా ముగ్గురాయి పొడితో. ఐదో నంబర్ ఫోన్‌ను పెట్టెలో భద్రం చేశాడు. తర్వాత డబ్బాలోని చీటీలన్నీ వరసగా చూశాడు. కొరియా, చైనా, ఫిన్లాండ్, తైవాన్. ఒక చీటీ దగ్గర ఆయన ముఖం పాలిపోయింది. కంపెనీ: మనోళ్ళే. స్టోరేజ్: పట్టినంత.

"ఎవరు రాశారిది? ప్రపంచంలో ఎవరికీ తెలియని రహస్యం ఇది. ఎక్కడ లీకైంది?"

"నేనే రాసినా," అంది రాజ్యలక్ష్మమ్మ. "యాభైఐదు డిగ్రీల ఎండకు ఆగుతాదంటిరి. ఇట్లాటి ఎండొకటి ఉండాదని కొరియావోనికేం తెలుసప్పా? ఈ ఎండలో మాడినోళ్ళకే గదా ఆ బుద్ధి పుట్టేది."

చీఫ్ ప్రసాద్ ముఖం చూశాడు. ప్రసాద్ పోస్టర్ వైపు చూశాడు. చీఫ్ నిట్టూర్చి చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈమెకు ఆ కుక్కర్ ఇప్పించు," అన్నాడు మెల్లగా.

"ఐదు లీటర్లది కావల," అంది రాజ్యలక్ష్మమ్మ. "గంధం పెట్టకుండా మాత్రం పొయ్యెక్కించను. తుడ్సేది ఉంటే ఇప్పుడే చెప్పండి."