పదో వరస, ఎడమ కిటికీ

"ఫొటో తీయాలంటే ఆ విమానంలో ఒక్కటే కిటికీ," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ నరసింహమూర్తి. "పదో వరస, ఎడమవైపు."

ఏజెంట్ రామ్మోహన్ మ్యాపు మీదికి వంగాడు. బేగంపేటలో లేచిన బొంబాయి ఆవ్రో విమానం బోరబండ దాటగానే, మణికొండ గుట్టల్లో రహస్యంగా కడుతున్న రాడార్ స్టేషన్ నలభై సెకన్లు కనిపిస్తుంది. చందానగర్ చేరేసరికి వెనకబడిపోతుంది. ముందు సీట్లకి రెక్క అడ్డు. కుడివైపు కూర్చుంటే కళ్ళలోకి ఎండ తప్ప మరేం లేదు.

"రేపటి ఫ్లైట్‌లో శత్రువుల ముఠా మనిషి ఉన్నాడు. ఆ సీటు కోసం వచ్చినవాడే దొంగ. ఈ సంగతి రత్నమాలకి కూడా చెప్పకు. ఆ ముఠాలోంచి మనవైపు తిరిగిన పిల్ల. నాకింకా నమ్మకం కుదరలేదు."

"ఆమెకి నా పూచీ సార్."

"ఫొటో బయటికి పోయిందా, రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే. నీ పూచీతో నేనేం చేసుకోను?"

ఈ మిషన్ అయ్యాక రత్నమాలతో పెళ్ళి మాట ఎత్తాలని రామ్మోహన్ అనుకుంటున్నాడు. ఆ ముక్క చీఫ్‌కి చెప్పలేదు. కొన్ని సీక్రెట్లు సర్వీసుక్కూడా చెప్పకూడదు మరి.

పొద్దున మెడికల్ రిప్రజెంటేటివ్ వేషంలో అందరికంటే ముందు విమానం ఎక్కాడు. సీట్లకి నంబర్లివ్వలేదు, ముందెక్కినవాళ్ళదే సీటు. తీరా చూస్తే పదో వరస కిటికీ దగ్గర ఒక ముసలమ్మ, ఒళ్ళో మూటతో.

"ముందు సీట్లు బాగుంటాయమ్మా," అన్నాడు.

"నాకిదే మంచిగున్నది. నా పేరు బుచ్చమ్మ. అల్లుడు ఈడనే మెకానిక్కు. రెక్క అడ్డం రాదు, ఎండ కొట్టది, గీడ కూసో అత్తా అని ఎక్కిచ్చిపోయిండు. మణికొండల నా చెల్క భూమి సర్కారు తీస్కున్నది. మీదికెల్లన్న ఒక్కపారి జూసుకుంట."

సర్వీసు రెండు వారాలు లెక్కలు కట్టి పట్టుకున్న సీటది. అల్లుడు నిలుచున్నపాటున తేల్చేశాడు.

చేసేది లేక రామ్మోహన్ నడవాకి ఇవతల కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎక్కిన ప్రతి మొహాన్నీ చూశాడు. ఎవరూ ఇటు రాలేదు. ప్రొపెల్లర్లు తిరిగాయి. అప్పుడు ముందు వరసలోంచి, ముసుగు కప్పుకుని ఎక్కినావిడ లేచి వచ్చింది. ముసుగు తీస్తే రత్నమాల. నల్ల కళ్ళద్దాలు, చేతిలో వానిటీ కేసు.

"అమ్మగారూ, కడుపులో తిప్పుతోందండి. కాస్త కిటికీ ఇస్తారా?"

 నిజంగానే తిప్పుతోందేమోనని రామ్మోహన్ పిచ్చి మనసు ఇంకా ఆశపడింది.

"ఇయ్యను బిడ్డా," అంది బుచ్చమ్మ.

రత్నమాల ఆమె పక్కనే కూర్చుంది. విమానం లేచింది. బోరబండ దాటింది. వానిటీ కేసు కిటికీ ఎత్తుకి వచ్చింది.

"కడుపుల తిప్పెటోళ్ళు కండ్లు మూస్కుంటరు గని, కిందికి జూస్తరా?" అంటూ బుచ్చమ్మ నుదురు అద్దానికి ఆనించి కిటికీ మొత్తం కప్పేసింది.

రత్నమాల రెండో చేత్తో లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపలున్నది విషపు సూది. ఆత్మరక్షణకని ఆ లిప్‌స్టిక్ ఇచ్చింది రామ్మోహనే. సూది ముసలమ్మ మెడకి బెత్తెడు దూరంలో ఉండగా ఆ మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

"నలభై సెకన్లు కళ్ళు మూసుకో రామ్. నీకేం పోతుంది?"

"నువ్వు," అన్నాడు రామ్మోహన్, చెయ్యి మెలిపెడుతూ.

సూది రాలింది. కేసు కింద పడి క్లిక్‌మంది. ఫిల్ములో పడింది బుచ్చమ్మ కొప్పు ఒక్కటే.

సంకెళ్ళు తనే వేశాడు. బుచ్చమ్మ ఇటు తిరిగింది. "నా చెల్కల గా పచ్చ వలలేంది? ఏం గడుతున్రు?"

"నాకు తెలియదమ్మా."

"తెల్సినా చెప్పవు తియ్యి. జర మొహం తుడ్సుకో," అని కొంగు అందించింది.

బొంబాయిలో దిగగానే ఫోను చేశాడు. అంతా విని చీఫ్ అడిగాడు: "స్టేషన్‌ని ఇంకెవరూ చూడలేదుగా?"

"బుచ్చమ్మగారు చూశారు సార్, తీరిగ్గా."

"ఆవిడకి పూచీ ఎవరు?"

"ఆ నేల ఆవిడది సార్," అన్నాడు రామ్మోహన్. "మనకే ఎవరైనా పూచీ పడాలి."