నేల తెలియని తల్లికుక్క

"మా రాణిని ఎత్తుకుపోయారండీ," అంటూ వచ్చాడు కుక్కపిల్లల వ్యాపారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఇవాళ దాన్ని మళ్లీ జతకట్టించాలి. అలాంటి పిల్లల్ని ఇంకే కుక్కా పెట్టదు."

డిటెక్టివ్ లేచాడు. వెనకే అసిస్టెంటు. ఆయన కంటికి ఆనేదేదో తన కంటికీ ఆనాలని ఆమెకు ఎప్పుడూ ఆరాటమే.

రేకుల షెడ్డులో బోను మీద బోను. మురికి కిందికి జారిపోయేలా ప్రతి బోనుకూ అడుగున ఇనుప వల. రాణి బోను తాళం పగలలేదు; తాళంచెవి ఇంట్లో మేకుకే ఉంది. కానీ అడుగున ఉండాల్సిన వల లేదు.

"తుప్పు వలతో దొంగకేం పని?" అన్నాడు వ్యాపారి.

ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఇంకోసారి ఈనితే బతకదని చెప్పాను. వింటేగా?" అన్నాడు పశువుల డాక్టరు. "నేను చూసేది బల్ల మీద. అట్నుంచి అటే బోనులోకి."

"నువ్వు కిందికి దింపుతావా?" పనివాణ్ని అడిగాడు డిటెక్టివ్.

"కుక్కను దింపితే నన్ను ఇంటికి పంపేస్తారు సార్," అన్నాడు పనివాడు. "నేల మీద రోగాలంట."

ఇంట్లో వ్యాపారి అక్క ఉంది. "ఆ షెడ్డు గుమ్మం నేను తొక్కను నాయనా, వాసన పడదు. పాపం, ఎవరి పాలబడిందో. నేల మీద దింపితే కాలు ఆన్చలేక వణికిపోతుంది."

డిటెక్టివ్ అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు.

"పుట్టినప్పట్నుంచీ వల మీదే బతికిన కుక్కకి నేలంటే భయం. ఆ భయం కళ్లారా చూసినవాళ్లే, దాని కాళ్ల కిందికని వల కూడా తీసుకెళ్లారు. డాక్టరుగారు దింపలేదు. పనివాడు దింపడు. ఇంట్లో తాళంచెవి అందేది ఇంకెవరికి? అది వణుకుతుందని మీకెలా తెలుసమ్మా?"

అక్క తల దించుకోలేదు. "నా గదిలో దింపాను. నాలుగు కాళ్లూ దగ్గరికి లాక్కుని మూలిగింది. చూడలేక మళ్లీ వెళ్లి వల తెచ్చాను. నీకు చెప్పి చెప్పి నోరు పడిపోయింది తమ్ముడూ. చావడానికి మాత్రం పంపను."

ఆమె గదిలో, దుప్పటి పరిచిన వల మీద పడుకుని ఉంది రాణి. వ్యాపారి చతికిలబడి చెయ్యి చాచాడు. రాణి లేచింది. వణుకుతూనే వెనక్కి తిరిగి, జతకు నిలబెట్టినప్పటిలా తోక పక్కకు తీసి నిలబడింది.

ఆ చెయ్యి ఇంకెందుకైనా వస్తుందని దానికి తెలియదు.

అసిస్టెంటు కిటికీ వైపు తిరిగింది.

"కేసు పెడతారా?" మెల్లగా అడిగాడు డిటెక్టివ్.

వ్యాపారి తల అడ్డంగా ఊపాడు. "అక్కా, నేను పెడితే తింటుందా?"

"ఇవాళ తినదు," అంది అక్క. "ముందు షెడ్డులో ఉన్నవాటి సంగతి చూసిరా."