బ్యాటరీ లేని చెవి

ఏజెంటు శంకరయ్య శవాన్ని తిప్పి చూసినప్పుడు కూడా అతని జేబులోని రేడియో మాట్లాడుతూనే ఉంది. అంతకు పది రోజుల ముందు రెడ్యా కూడా అలాగే పోయాడు. ఇద్దరికీ చెవి వెనక ఒకే ఒక్క తూటా. ఇద్దరి దగ్గరా గుప్పెట్లో ఇమిడే ఎఫ్ఎం రేడియో.

"ఇప్పుడు నువ్వు పోవాలె," అన్నాడు స్టీఫెన్.

2008, ఏప్రిల్. ఉదయం ఏడున్నర. సూర్యాపేట బస్టాండు వెనక ఒక రేడియో రిపేరు షాపు. బయటికి షాపు, లోపలి గది డిపార్ట్‌మెంటుది. స్టీఫెన్ దాని అధికారి. అతని ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పరశురాములు తన మోకాలు వణకడాన్ని వేరే ఎవరిదో మోకాలన్నట్టు చూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఏజెంటు. పదకొండేళ్లుగా ప్రతి మిషన్‌కూ ముందు ఇదే వణుకు. ధైర్యం అలవాటవుతుందని అందరూ అన్నారు. అతనికి భయమే అలవాటైంది.

"బ్రీఫింగ్ చిన్నది," అన్నాడు స్టీఫెన్. "సరిహద్దు అవతలి ముఠా. మూడు బస్సుల్ల మూడు డబ్బాలు పెట్టిన్రు. ఏ బస్సులో తెల్వదు. డబ్బా లోపల రేడియో ఉంటది. వాళ్ల దొంగ ఎఫ్ఎం స్టేషన్ నుంచి 'మంద చేరింది' అన్న మాట రాంగనే పేలుతది. టైం, ఇయ్యాల పదకొండు. శంకరయ్య పంపిన ఆఖరి కబురు అదే."

"బస్సులన్నీ ఆపితే?"

"ఆపినట్టు తెలిస్తే అప్పుడే పేలుస్తరు. స్టేషన్ ఏడున్నదో పట్టాలె. గదొక్కటే తొవ్వ."

ఆ స్టేషన్ సంగతి మొదట పట్టుకున్నది డిపార్ట్‌మెంటు కాదు. చివ్వెంలలో గొర్లు కాసే బక్కమ్మ. పరశురాములుకు మేనత్త. మధ్యాహ్నం నీడలో రేడియో పెట్టుకుంటే, పాటల మధ్య ఎవరో మగగొంతు: 'తప్పిపోయిన గొర్రె. నల్లది. చూసినవారు తెలుపగలరు.' రోజూ అదే. బక్కమ్మ నవ్వి నవ్వి, పండక్కి వచ్చిన మేనల్లుడికి చెప్పింది: "ఎవని గొర్రెరా అది? చెవి గాటు చెప్పకుండ గొర్రెను ఎట్ల దేవులాడుతరు? నల్లదంట. మన దిక్కు అన్నీ నల్లయే గద." ప్రతి గొల్ల ఇంటికీ తన మందకు చెవి మీద తనదైన గాటు ఉంటుంది. అది చెప్పకుండా గొర్రె పోయిందనడం ఇంటిపేరు చెప్పకుండా మనిషి పోయాడనడమే. ఆ ఒక్క తప్పుతో ముఠా ఉనికి బయటపడింది. వాళ్ల భాషలో నల్ల గొర్రె అంటే వాళ్లలో దూరిన గూఢచారి.

స్టీఫెన్ సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె తీసి మూత తెరిచాడు. లోపల ఐదు చుట్లు తిప్పిన మందపాటి రాగితీగ, వేలితో తిప్పే చిన్న కెపాసిటర్, గాజుగొట్టంలో బియ్యపుగింజంత జర్మేనియం డయోడ్. బయటికి ఒక సన్నని తీగ, దాని చివర ఒంటి రంగు ఇయర్‌ఫోన్.

"బ్యాటరీ?"

"లేదు. గాలిలో వచ్చే సిగ్నల్ బలంతోనే పలుకుతది. బ్యాటరీ రేడియో వింటూ వింటూ తను కూడ సన్నగ కూస్తది. ఆ కూతను పట్టే యంత్రం వాళ్ల దగ్గరున్నది. శంకరయ్య గట్లనే దొరికిండు. ఇది కూయదు."

"ఎంత దూరం వినిపిస్తది?"

"ఫర్లాంగు. అంతకు మించదు." స్టీఫెన్ పెట్టెను అతని చొక్కా జేబులో పెట్టి, ఏరియల్ తీగను చొక్కా కుట్టులోకి దోపాడు. "మంచి రేడియోకు దూరం తెల్వదు. స్టేషన్ పక్కనున్నా పది కోసులున్నా గొంతు ఒక్కతీర్గనే వినిపిస్తది. దీనికి ఆ తెలివి లేదు. దగ్గరికి పోతే అరుస్తది, దూరం పోతే సచ్చిపోతది. గా తెలివి లేకపోవుడే మనకు కావాలె. ఇంకొకటి, కెపాసిటర్ తిప్పి స్టేషన్ మీద సరిగ్గ నిలబెడితే మాట రాదు. జర పక్కకు జరిపి పెట్టాలె. పెట్టి ఉంచిన, ముట్టకు."

"వినిపించకపోతే?"

"వాళ్లు దూరమున్నట్టు."

"వినిపిస్తే?"

స్టీఫెన్ సొరుగు మూశాడు. "నీ వేషం, చెవిటోడు. చెవి మిషన్ చెడిపోయింది. స్వర్ణ కారు తోల్తది. ముఠాలో ఉండి రెండేండ్లుగ మనకు పనిచేస్తున్నది. పెట్టె సంగతి ఆమెకు గూడ చెప్పకు. రూలు."

"శంకరయ్యను ఎవరు తోలుకపోయిన్రు?"

"ఆమెనే. రెడ్యాను గూడ. ఏడ్చింది పాపం."

*

ఎర్ర కారు. వెనక ఎడమవైపు నిలువెత్తు ఏరియల్. నల్ల కళ్లద్దాలు, ఆకుపచ్చ పట్టుచీర, స్టీరింగ్ మీద పొడుగాటి వేళ్లు. ఎక్కగానే స్వర్ణ అతని చెవి వైపు చూసింది.

"ఏంటండీ అది?"

"చెవి మిషన్. వేషం కోసం."

"బ్యాటరీ ఉందా?"

"లేదు."

ఆమె డాష్‌బోర్డు మీద చిన్న ముల్లున్న మీటరు వైపు ఒకసారి చూసింది. ముల్లు కదల్లేదు. నవ్వింది. "మంచిది. స్టేషన్ మిర్యాలగూడలో, మూతపడ్డ రైస్ మిల్లులో ఉందని మా వాళ్ల మాట. ముందు కోదాడలో ఒకసారి చూద్దాం."

హైవే మీద లారీలు. పరశురాములు చెవిలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చల్లగా ఉంది. తను వెతుకుతున్నది దొరక్కూడదని తనలో ఒకడు మొక్కుతున్నాడని అతను గమనించాడు. ఆ ఒకణ్ణి కసురుకోలేదు. వాడే ఇన్నేళ్లుగా తనను బతికించింది.

భయమున్నవాడు ఎక్కువ మాట్లాడతాడు. మునగాల దాటాక అతనూ మాట్లాడాడు.

"మీవోళ్లు ఒక తప్పు చేసిన్రు స్వర్ణగారు."

"ఏం తప్పు?"

"గొర్రె తప్పిపోయిందన్నరు. చెవి గాటు చెప్పలే. మా ఇంటి మందకైతే ఎడమ చెవికి రెండు గాట్లు. అది చెప్తేనే గొల్లోడు నమ్ముతడు."

"అబ్బో. గొర్రెలకు కూడా ఐడీ కార్డా?" స్వర్ణ పకపకా నవ్వింది. అద్దాల వెనక కళ్లు నవ్వాయో లేదో తెలియలేదు.

కోదాడ బస్టాండుకు కొంచెం ఇవతల, గోడ మలుపు పక్కన కారు ఆపింది. "మీరు వెళ్లి చూసి రండి. నన్ను గుర్తుపట్టేవాళ్లుంటారు."

పది గంటలు. పరశురాములు జనంలోకి నడిచాడు. పుచ్చకాయల బండ్లు, విజయవాడ బస్సు కోసం తోసుకునేవాళ్లు. చెవిలో నిశ్శబ్దం. మంచిది, ఇంకాసేపు, అనుకున్నాడు.

అప్పుడు చెవి లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

అతను అడుగు ఆపేశాడు. బాగా సన్నని గొంతు, దోమ పాడినట్టు. పక్కనుంచి ఎవరు నడిచినా గొంతు వంగి మళ్లీ నిలబడుతోంది. మనుషుల ఒళ్లు తగిలి సిగ్నల్ ఒరిగిపోతోంది. 'తప్పిపోయిన గొర్రె. నల్లది.' చిన్న విరామం. 'ఎడమ చెవికి రెండు గాట్లు.'

అతను ఇయర్‌ఫోన్‌ను వేలితో చెవిలోకి అదిమాడు.

ఆ గాటు తన ఇంటిది. ఆ మాట తను చెప్పి అరగంట కూడా కాలేదు. కారులో, ఒక్క మనిషికి. తప్పు దిద్దుకున్నారు. ఆ గొర్రె ఎవరో ఇక ఆలోచించనక్కర్లేదు. రెండు గాట్ల గొర్రె ఇక్కడే, పుచ్చకాయల బండి పక్కన, చెవిలో తీగ పెట్టుకుని నిలబడి ఉంది.

బస్టాండు లోపలికి పది అడుగులు వేశాడు. గొంతు చచ్చిపోయింది. వెనక్కి పది అడుగులు. బతికింది. కారున్న వైపు ఇంకో ఇరవై. దోమ కాస్తా మనిషైంది. మలుపు దగ్గర గొంతు చెవిలో అరుస్తోంది. మలుపు తిరిగి ఎర్ర కారు కనిపించగానే ఠక్కున ఆగిపోయింది. స్వర్ణ ఒళ్లోంచి ఏదో సీటు కిందికి జారవిడిచి, చెయ్యి ఊపింది.

ముఠా స్టేషన్ ఏ మిల్లులోనూ లేదు. ఆడగొంతును మగగొంతుగా మార్చే యంత్రంతో సహా తను కూర్చుని వచ్చిన కారులోనే ఉంది. రెడ్యాను, శంకరయ్యను తీసుకుపోయిన కారులో. వాళ్ల మంచి రేడియోలకు దూరం తెలియలేదు. పక్క సీటులోని స్టేషన్ కోసం ఊళ్లు వెతికారు.

పరుగెత్తొచ్చు. పరుగెత్తితే ఆమె ఇప్పుడే ఆ మాట అంటుంది. మూడు బస్సులు. అరిస్తే, ఆమె దగ్గర తుపాకీ ఉండే ఉంటుంది. ఫోన్ లేదు, అదీ కూస్తుందని షాపులోనే వదిలొచ్చాడు. కాళ్లు వద్దన్నాయి. అతను కాళ్లతో వాదించలేదు. వాటిని అలాగే వణకనిచ్చి, కారెక్కాడు.

"ఏమైనా తెలిసిందా?" అంది స్వర్ణ.

"ఏం లేదు."

"చెమట్లు పట్టాయేంటండీ?"

"ఎండ."

*

హుజూర్‌నగర్ దాటింది. ఎడమ పక్క కాలువ. డాష్‌బోర్డు గడియారం పది నలభై, పది నలభై ఐదు. పరశురాములు దానివైపు చూడకుండా చూస్తున్నాడు. సూటిగా చూస్తే భయం మూసేస్తుంది. కొంచెం పక్కకు చూస్తే ఆలోచన వస్తుంది. వచ్చింది. వెనక ఏరియల్. ఆ మాట గాల్లోకి పోవాల్సింది ఆ ఒక్క కడ్డీ నుంచే. కడ్డీని కారు రేకుకు రాగితీగతో కలిపేస్తే మాట కారులోనే ఉండిపోతుంది. కానీ తీగ కావాలంటే పెట్టె విప్పాలి. విప్పాక తను నిజంగానే చెవిటివాడు. తీగ పనిచేసిందో లేదో తెలుసుకునే దారి ఉండదు, బస్సు పేలిన చప్పుడు తప్ప.

పది యాభై రెండు. మనుషుల్లేని కాలువ గట్టు మీద ఆమె కారు ఆపింది.

"మిల్లు దగ్గరికొచ్చాం. మీరు దిగి ఒకసారి చుట్టూ చూడండి."

ఆమెకు ఒంటరితనం కావాలి. అతనికీ.

"స్వర్ణగారు... ఒంటికి పోయొస్త."

ఆమె మొహం చిట్లించి, వెనక్కి చూపే అద్దాన్ని పక్కకు తిప్పేసింది. కాలువ గట్టున మగవాడు గొంతుక్కూర్చుంటే ఈ దేశంలో ఎవరూ చూడరు. గూఢచారులు కూడా చూడరు.

కారు వెనక, ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాడు. పెట్టె తెరిచాడు. డయోడ్ జారి దుమ్ములో పడింది. ఐదు చుట్లు ఒక్కొక్కటే లాగి తిన్నగా చేశాడు. ఒక కొస ఏరియల్ మొదట్లో మూడు మెలికలు. రెండో కొస నంబరు ప్లేటు బోల్టు కింద, రంగు లేచి ఇనుము కనబడుతున్న చోట దూర్చి గోటితో నొక్కాడు. గోరు విరిగింది.

కారు అద్దాలు పైకి లేచిన చప్పుడు. వెనక అద్దంలోంచి ఆమె తల, నోటి దగ్గర మైకు. పెదవులు కదిలాయి. రెండు మాటలు. మళ్లీ అవే రెండు మాటలు.

పదకొండు.

పరశురాములు చక్రం పక్కన అలాగే కూర్చుని విన్నాడు. ఇప్పుడు అతనికి మిగిలింది ఉత్త చెవులే. కాలువ నీళ్లు. ఎక్కడో ట్రాక్టరు. మిర్యాలగూడ వైపు నుంచి చప్పుడు వస్తుందని ఒళ్లంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం. చిన్నప్పుడు పిడుగు మెరుపు చూశాక ఉరుము కోసం ఇలాగే కళ్లు మూసుకునేవాడు. ఉరుము ఎప్పుడూ వచ్చేది. రెండు నిమిషాలు.

ఉరుము రాలేదు. పొగ వచ్చింది. బయటికి పోలేని సిగ్నల్ వెనక్కి తన్ని, సీటు కింద ట్రాన్స్‌మిటర్ కాలుతోంది. స్వర్ణ దగ్గుతూ తలుపు తోసుకుని దిగింది. కళ్లద్దాలు లేవు. చేతిలో పిస్తోలు. ఆమె చూపు ఏరియల్ మొదట్లోని రాగి మెలికల మీద పడి, అక్కడినుంచి మెల్లగా అతని మీదికి వచ్చింది.

"బ్యాటరీ లేదన్నావు."

"లేకుండెనే," అన్నాడు.

మిర్యాలగూడ వైపునుంచి వస్తున్న కోదాడ బస్సు పొగ చూసి కీచుమని ఆగింది. డ్రైవర్ భీమ్లా ఇసుక బకెట్టుతో దూకాడు. తుపాకీ చూశాడు. ఇసుక ఆమె మొహాన కొట్టి, మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. పిస్తోలు గట్టు మీద పడింది.

"ఏందయ్యా ఇది, సినిమానా?" అన్నాడు రొప్పుతూ.

పరశురాములు పిస్తోలు తీసుకుని, ఆమె పట్టుచీర కొంగుతోనే ఆమె చేతులు కట్టి భీమ్లాకు అప్పగించాడు. తర్వాత బస్సును చూశాడు. కిటికీల నిండా మొహాలు. మూడింటిలో ఇదొకటి కావచ్చు. బస్సెక్కే ధైర్యం చాలలేదు. చాలకుండానే ఎక్కాడు. సీట్ల కిందికి వంగి చూశాడు. వెనక నుంచి మూడో వరుసలో, గోనెసంచి మాటున, ఇనుప డబ్బా. దాని మీద వెలుగుతున్న చిన్న ఎర్ర దీపం. ఇంకా ఎవరి మాట కోసమో వింటోంది.

"బాంబున్నది. అందరు దిగున్రి."

ఎవరూ కదల్లేదు. కండక్టర్ కాటమ్మ టికెట్ల సంచి సర్దుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"సీటు కావాల్నంటే అడుగు అన్నా. గిట్ల బెదిరిస్తే ఎట్ల?"

అతను డబ్బా మీది గోనెసంచి తొలగించాడు. అప్పుడు కదిలారు. తోసుకున్నారు, పిల్లల్ని కిటికీల్లోంచి అందించారు, ఒక ముసలాయన చెప్పులొదిలేశాడు. రెండు నిమిషాల్లో బస్సు ఖాళీ. దూరంగా చింతచెట్ల కింద జనం, వాళ్ల ముందు చేతులు చాచి ఎవర్నీ రానివ్వకుండా కాటమ్మ.

పరశురాములు ఆఖరుగా దిగబోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ప్రాణభయంతో పరుగెత్తిన నలభై ఏడుగురూ, ఒక్కరు కూడా మరిచిపోకుండా, తమ తమ సీట్ల మీద తువ్వాల వేసి దిగారు.