వెండి కట్టు

ఏడో బెడ్ ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. దాని మీద పడుకున్న వెల్డర్ ఆ ఉదయం ఆరున్నరకు చనిపోయాడు.

కాలిన గాయాలు ప్రాణం తీసేంత పెద్దవి కావు. గాయాల్లో చేరిన క్రిములు తీశాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి వెల్డర్ అక్క వార్డు నర్సు మణికట్టు పట్టుకుని ఉంది. గోళ్ళు దిగబడుతున్నాయి.

"దొంగ మొహందానా! నా తమ్ముడి ఒంటిమీది గుడ్డ కూడా అమ్ముకున్నావా?"

"నేనేం అమ్ముకోలేదమ్మా. చెయ్యి వదలండి."

"మరి వాడెందుకు పోయాడు? చెప్పు!"

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ విడదీసింది.

ఫిర్యాదు ఇచ్చింది అక్క. ఇప్పించింది మాత్రం కిటికీ దగ్గర నిలబడ్డ శాస్త్రవేత్త. వెల్డర్ గాయాలకు వేసిన కట్టు ఆయన తయారు చేసిందే. ఆకుల రసంతో వెండిని కంటికి కనబడనంత చిన్న రేణువులుగా మార్చి, గుడ్డకు పట్టిస్తాడు. కట్టును తడిపితే వెండి మెల్లగా ఊరి క్రిములను చంపుతుంది. వార్డులో చాటుగా ఆయన పేరు వెండిదొర.

"నా కట్టు కింద ఏ క్రిమీ బతకదు మేడమ్," అన్నాడు. "బతికిందంటే అది నా కట్టు కాదు. ఈవిడ అసలుది బయట అమ్మేసి మామూలు గుడ్డ చుట్టింది."

"మీరు చూశారా?"

"చూడాలా? శవమే చెబుతోందిగా."

అక్క కళ్ళు మూసుకుంది. ఆ మాట ఆయన కాస్త మెల్లగా అని ఉండాల్సింది.

ఆయన ఎడమచేతికీ అదే బూడిదరంగు కట్టు. ల్యాబ్‌లో హాట్‌ప్లేట్ తగిలిందట. కట్టు ఎండి బిగుసుకుపోయింది. నర్సు అలవాటుకొద్దీ ట్రే మీది సెలైన్ సీసా అందుకుంది.

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నన్ను ముట్టుకోకు. ఆ చేతులతో ఒకణ్ణి సాగనంపావు, చాలు."

బ్యాగులోంచి తన సీసా తీసి తానే తడుపుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నర్సును పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

"కట్టు ఎవరు వేశారు?"

"నేనే."

"చేతులు కడుక్కున్నావా?"

"తోలు ఊడేలా కడుగుతాం మేడమ్. చూడండి."

చూసింది. వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి.

"దేంతో తడిపావు?"

"సెలైన్‌తో. శుభ్రమైన ఉప్పునీళ్ళే కదా, ఇక్కడ ఏ గాయానికైనా అదే. దీనికి వాడొచ్చా అని మొదటిరోజే వెండిదొర... సారీ, సార్‌ని అడిగాను. ఏదైనా ఒకటే, తడిగా ఉంటే చాలన్నారు."

"ఎవరైనా విన్నారా?"

"లేదు."

"ఇది ఉద్యోగంతో పోయే కేసు కాదు. జైలుకు వెళ్తావు."

"తెలుసు," అంది నర్సు.

వెల్డర్ ఒంటిమీంచి తీసిన కట్టు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్ళింది. రిపోర్టు వచ్చిన మర్నాడు పదకొండింటికి, ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ వార్డు డ్రెస్సింగ్ రూముకు పిలిచింది.

"కట్టు అసలుదే. అందులో వెండి ఉంది."

అక్క తలెత్తింది. శాస్త్రవేత్త తడబడలేదు.

"అయితే మురికి చేతులతో వేసింది. దొంగ కాకపోతే మొద్దు. ఏదైతేనేం?"

"మీ కట్టు కింద ఏ క్రిమీ బతకదన్నారు. చేతి మురికి దగ్గరికొచ్చేసరికి ఓడిపోయిందా?"

ఆయన పెదవి విరిచాడు.

"సరే. దాన్ని దేంతో తడపాలి?"

"ఏదైనా ఒకటే."

"నర్సుకూ అదే చెప్పారా?"

"చెప్పే ఉంటాను. తప్పేముంది?"

ఇన్‌స్పెక్టర్ బల్లమీది గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"మీ కట్టు ఆరిపోయింది. తడుపుకోండి."

ఆయన గ్లాసు వంక చూశాడు. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

"ఏంటిది? సెలైనా?"

"ఏదైనా ఒకటేగా. ఎందుకడిగారు?"

ఆయన గ్లాసును అవతలికి నెట్టాడు.

"ఆ రోజు మీరు చెయ్యి లాక్కుంటే, ఈమె మీద అసహ్యమనుకున్నాం," అంది ఇన్‌స్పెక్టర్. "మీరు తప్పించుకుంది ఆమె చేతిలోని సెలైన్ సీసా నుంచి."

ఇన్‌స్పెక్టర్ రెండు గాజు ప్లేట్లు బల్ల మీద పెట్టింది. రెండింటిలోనూ వెల్డర్ గాయంలోని క్రిములు పాలమీగడలా పెరిగి ఉన్నాయి. ఒక్కోదాని మధ్య వెండిగుడ్డ ముక్క.

"ఈ ముక్కని శుద్ధమైన నీళ్ళలో తడిపారు. చుట్టూ చూడండి, గుండ్రంగా ఖాళీ. ఒక్క క్రిమి లేదు. దీన్ని సెలైన్‌లో తడిపి ఉంచారు. గుడ్డ అంచుదాకా క్రిములే. సెలైన్‌లోని ఉప్పు వెండిని పట్టేస్తుంది. ఇక అది ఊరదు. వెల్డర్ కట్టులో వెండి ఆ ఉప్పుతోనే పేరుకుని ఉంది."

శాస్త్రవేత్త ప్లేట్ల వైపు చూడలేదు. ఆయనకవి కొత్త కావు.

"ఆసుపత్రిలో ఎక్కడ చూసినా సెలైనే. దీనికి వేరే నీళ్ళు కావాలంటే, ఇంత తంటా ఎందుకని కొనడం మానేస్తారు. అందుకని నోరు కట్టేసుకున్నారు. మీ చేతికి మాత్రం వేరే సీసా తెచ్చుకున్నారు. మనిషి పోగానే ఈమెను దొంగను చేశారు."

"మేడమ్, ఒక్క కేసును పట్టుకుని..."

"వాడు కేసు కాదు," అంది అక్క. "నా తమ్ముడు."

తలుపు బయట నిలబడ్డ కానిస్టేబుల్ శాస్త్రవేత్తని తీసుకెళ్ళాడు.

అక్క గ్లాసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు లేదు.

"మంచినీళ్ళే," అంది ఎవరితోనో అన్నట్టు.

ఆ గ్లాసు నర్సు ముందుకు చాపింది. "తాగమ్మా."

నర్సు మణికట్టు మీద గోళ్ళ గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆమె గ్లాసు తీసుకోలేదు. ఎనిమిదో బెడ్ కట్టు మార్చే వేళయింది. సింకు దగ్గరికి వెళ్ళి, చేతులు కడగడం మొదలుపెట్టింది.